ఈత పోటీ రోజు ఏం తినాలి, ఏం తాగాలి? మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈత పోటీల గురించే. వేసవి సెలవుల్లో సరదాగా నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు జిల్లా పోటీలకి దిగుతున్నారు, అక్కడ గెలిచినవాళ్ళు విశాఖపట్నం దాకా వెళ్తున్నారు, వాళ్ళతో పాటు అమ్మానాన్నల టెన్షన్ కూడా వెళ్తోంది. అందుకే శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒకటే భయం: తినకపోతే నీరసం వస్తుందేమో, తింటే కడుపు బరువెక్కి ఈదలేరేమో. ముందే ఒక మాట చెప్పేస్తాను. పోటీ రోజు పెట్టే తిండితో పిల్లలకి కొత్తగా బలం రాదు. అది నెలల తరబడి చేసిన ప్రాక్టీసు వల్ల, ఇంట్లో రోజూ తిన్న అన్నం వల్ల ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఆ రోజు మన పని కడుపుని ఇబ్బంది పెట్టకుండా, ఆకలీ దాహం ముదరకుండా చూసుకోవడం, అంతే. కింద ఏ జవాబు చదివినా ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా పాపకి పదేళ్ళు, 30 కిలోలు ఉంటుంది. విశాఖపట్నంలో పోటీ. ఉదయం 7 గంటలకి వార్మప్, 8 గంటలకి మొదటి రేసు. మేం ఐదింటికే కారులో బయల్దేరాలి. అంత పొద్దున్నే లేపితే పాప ఏమీ తినదు. కడుపు ఖాళీగా ఉంచి దింపితేనే మంచిదని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: ఖాళీ కడుపుతో మాత్రం దింపకండి చెల్లెమ్మా. మనం తిన్న అన్నం, ఇడ్లీ లాంటివి చక్కెరగా మారి కొంత కండరాల్లో, కొంత కాలేయంలో నిల్వ ఉంటాయి. రాత్రంతా మనం నిద్రపోతున్నా మెదడుకి చక్కెర అందుతూనే ఉండాలి కదా, ఆ పని కాలేయంలోని నిల్వ చేస్తుంది, అందుకని తెల్లారేసరికి అది బాగా తగ్గిపోతుంది. కండరాల్లో ఉన్నది మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. 50 మీటర్ల రేసుకి నిజానికి ఆ కండరాల్లో ఉన్నది చాలు, పాప ఏమీ తినకపోయినా ఆ కాసేపూ ఈదేస్తుంది. కానీ రేసు ఒక్కటే కాదు కదా. తెల్లవారుజామున లేవడం, గంటకి పైగా ప్రయాణం, వార్మప్‌లో వందల మీటర్ల ఈత, తర్వాత తన హీట్, అంటే తొలి రేసుల్లో తన గుంపు వంతు, పిలిచేదాకా పూల్ పక్కన కూర్చోవడం, ఇవన్నీ అయ్యేసరికి కళ్ళు తిరగడం, చిరాకు, ఏడుపు మొదలవుతాయి. పొద్దున తిండి వాటి కోసం.

అసలు భోజనం ముందురోజు రాత్రిదే అనుకోండి. ఏడున్నర, ఎనిమిదికల్లా మామూలు అన్నం, పప్పు లేదా పప్పుచారు, నూనె తక్కువగా ఒక కూర, కాస్త పెరుగు పెట్టేయండి. హోటల్ బిర్యానీ, పచ్చి సలాడ్లు, మసాలా వేపుళ్ళు ఆ రాత్రి వద్దు. రేపు పోటీ కదా అని మామూలు కన్నా రెండింతలు తినిపించనూ వద్దు, అలా తిన్న పిల్లలు రాత్రి సరిగ్గా నిద్రపోరు.

ఇక పొద్దున. మామూలుగా పోటీకి ఒకటి నుంచి నాలుగు గంటల ముందు, శరీర బరువులో కిలోకి ఒకటి నుంచి నాలుగు గ్రాముల పిండిపదార్థం తీసుకోమని ఆటగాళ్ళకి చెప్తారు, రేసుకి దగ్గరయ్యేకొద్దీ తక్కువ. మీ పాపకి రెండు గంటల ముందు అంటే 30 నుంచి 60 గ్రాములు. ఇది మరీ పెద్ద లెక్కేం కాదు. ఇంట్లో వేసే ఇడ్లీ సైజుని బట్టి ఒక్కోదాంట్లో సుమారు 10 గ్రాములుంటుంది, మధ్యరకం అరటిపండులో 25 దాకా ఉంటుంది. లేచాక బలవంతం చేయకుండా సగం అరటిపండు చేతికివ్వండి, కారెక్కాక తిన్నా పర్వాలేదు. ఆరు లోపల, పాప బాగా మేలుకున్నాక, రెండు ఇడ్లీలు, మిగతా సగం పండు. సరిపోతుంది. ఇడ్లీకి బెల్లం పొడో పంచదారో అద్దండి, కొబ్బరి చట్నీ మాత్రం డబ్బాలో కట్టుకెళ్ళకండి, మన ఉక్కలో అది ఎంతోసేపు నిలవదు. దారిలో ఆగి పూరీ, మైసూర్ బజ్జీ తినిపిద్దామని నాన్నగారికి అనిపిస్తుంది, నూనె తిండి కడుపులోంచి కిందికి దిగడానికి చాలా సేపు పడుతుంది, వాటిని తిరుగు ప్రయాణానికి ఉంచండి. ఈత మిగతా ఆటల్లా నిలబడి ఆడేది కాదు, బోర్లా పడుకుని ఈదాలి, ఫ్లిప్ టర్న్‌లో తలకిందులుగా తిరగాలి. కడుపులో బరువుంటే అది గొంతులోకి తన్నుకొస్తుంది. పిల్లలు "పుల్లగా వచ్చింది" అని చెప్పేది అదే.

తిని నీళ్ళలో దిగితే మునిగిపోతారన్న భయం మాత్రం పెట్టుకోకండి. దానికి ఆధారాలేవీ లేవు. ఇబ్బంది అంతా కడుపు బరువుతోనే.

ప్రశ్న: నాకు 15 ఏళ్ళు. ఒకే రోజు మూడు ఈవెంట్లు ఉన్నాయి: 50 మీటర్ల ఫ్రీస్టయిల్, 100 బటర్‌ఫ్లయ్, 200 ఇండివిడ్యువల్ మెడ్లీ. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంత టైము దొరుకుతుందో ముందు తెలీదు. మా ఇంట్లో జీడిపప్పు, పల్లీ ఉండలు డబ్బా నిండా పెట్టి పంపిస్తారు. ఫ్రెండ్స్ ఎనర్జీ డ్రింక్ తాగమంటున్నారు. ఏది మంచిది?
– ఒక విద్యార్థి, పలాస

జవాబు: పలాస పిల్లాడికి జీడిపప్పు వద్దని చెప్పడం నాకూ కష్టమే నాన్నా, కానీ రేసుకీ రేసుకీ మధ్యలో వద్దు. జీడిపప్పులో 100 గ్రాములకి 44 గ్రాముల దాకా కొవ్వే. మంచి కొవ్వే, రోజూ గుప్పెడు తింటే మంచిదే, కానీ అరగడానికి గంటలు పడుతుంది. నీకు కావాల్సింది త్వరగా రక్తంలోకి చేరే తిండి. పల్లీ ఉండలదీ అదే సంగతి. డబ్బా ఇంటికి తెచ్చుకో, రాత్రికి తిను.

టైము తెలీదన్నావు, అది నిజమే, మన పోటీల్లో షెడ్యూలు ఒకటి రాస్తారు, జరిగేది ఒకటి. అందుకే గడియారాన్ని బట్టి కాకుండా, రేసు అయి బయటికి రాగానే కోచ్‌నో, అక్కడ హీట్స్ షీట్ చూస్తున్నవాళ్ళనో అడిగి, నా తర్వాతి ఈవెంట్‌కి ముందు ఇంకా ఎన్ని హీట్లున్నాయో తెలుసుకో, దాన్ని బట్టి నిర్ణయించుకో. అరగంట లోపే మళ్ళీ దిగాలంటే ఏమీ తినకు, నాలుగు గుక్కలు నీళ్ళో, తియ్యటి నిమ్మరసమో చాలు, మరీ ఆకలిగా ఉంటే రెండు ఖర్జూరాలు. గంట దాకా ఉందంటే అరటిపండు, లేదంటే జామ్ రాసిన రెండు బ్రెడ్ ముక్కలు, లేదా నూనె కలపని మరమరాలు. మామిడి తాండ్ర ముక్క కూడా బాగా పనికొస్తుంది, అందులో దాదాపు అంతా చక్కెరే, సంచిలో నలగదు, ఎండకి పాడవదు, షాపులో కొనే బార్ల కన్నా నాకు ఇదే నచ్చుతుంది. రెండు గంటల పైన ఖాళీ దొరికితే ఇడ్లీ గానీ, పల్చటి పెరుగన్నం గానీ తినొచ్చు. పెరుగన్నం కలిపేటప్పుడు పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేసి కలపమని అమ్మకి చెప్పు, మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. పోపులో ఎండుమిరపకాయలు తగ్గించమను.

మూడు ఈవెంట్లలో నిన్ను బాగా అలసిపోయేలా చేసేది 200 మెడ్లీ, నాలుగు రకాల ఈతలూ ఒకే రేసులో ఈదాలి కదా. దాని తర్వాత ఇంకో రేసు ఉంటే నీళ్ళలోంచి రాగానే పడుకోకుండా, నెమ్మదిగా కాసేపు ఈది, ఆ తర్వాత పది పదిహేను నిమిషాల్లో ఏదో ఒకటి చిన్నగా తినడం మొదలుపెట్టు. ఆకలి వేసేదాకా ఆగొద్దు, అలసటలో ఆకలి తెలీదు.

ఎనర్జీ డ్రింక్ వద్దు. ఆ డబ్బా మీద పిల్లలకి తగదని చిన్న అక్షరాల్లో వాళ్ళే రాస్తారు, ఒకసారి తిప్పి చదువు. అందులో కెఫీన్ గుండె దడ పెంచుతుంది, అసలే స్టార్టింగ్ బ్లాక్ మీద గుండె దడదడలాడుతుంటుంది, రాత్రికి నిద్ర కూడా పోతుంది, రెండో రోజు రేసులుంటే ఆ నష్టం ఇంకా పెద్దది. రోజూ పొద్దున టీ తాగే అలవాటుంటే ఒక చిన్న కప్పు తాగు, మానేస్తే తలనొప్పి వస్తుంది.

ప్రశ్న: మాది ఉద్దానం. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే. పోటీ రోజు మా వాడికి పొద్దున్నుంచీ కొబ్బరి నీళ్ళే తాగిద్దామనుకుంటున్నాం. కోచ్ గారేమో ఓఆర్‌ఎస్ అంటారు, మా తమ్ముడు గ్లూకోజ్ పొడి అంటాడు. అసలు నీళ్ళలో ఉండేవాడికి దాహం ఏంటండీ అని మా ఆవిడ అంటోంది.
– ఒక తండ్రి, కవిటి మండలం

జవాబు: ముందు చెల్లెమ్మ మాటకి జవాబు చెప్పాలి, చాలామందికి అదే అనుమానం. నీళ్ళలో ఈదేటప్పుడు కూడా చెమట పడుతుంది, ఒళ్ళంతా తడిగా ఉంటుంది కాబట్టి కనిపించదు. అంతర్జాతీయ పోటీల్లో పూల్ నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం, మన దగ్గర ఎండాకాలం బయట ఉన్న పూల్‌లో నీళ్ళు అంతకన్నా వేడెక్కుతాయి. పైగా రేసు ఒక్క నిమిషం అయితే, మిగతా నాలుగైదు గంటలూ పిల్లలు ఆ ఉక్కలోనే పూల్ పక్కన కూర్చుంటారు. దాహం పుట్టేది ఎక్కువగా అక్కడే.

కొబ్బరి నీళ్ళు మంచివేనండీ, తిత్లీ తుపానుకి పోయిన తోటల్ని మళ్ళీ పెంచుకున్న మీ చేతి బొండాం కన్నా శుభ్రమైన డ్రింకు ఏ షాపులో దొరుకుతుంది? అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో మనకి ఎక్కువగా పోయేది ఉప్పు, అంటే సోడియం. చక్కెర కూడా అందులో తక్కువే. అందుకని అవి ఒక్కటే పోస్తే సరిపోదు. వార్మప్ అయ్యాక సగం బొండాం, ఈవెంట్ల మధ్య పెద్ద ఖాళీలో ఇంకో సగం, దాంతో పాటు ఉప్పు బిస్కెట్లు రెండు ఇవ్వండి. మిగతా టైములో మామూలు నీళ్ళు. బొండాం అప్పటికప్పుడు కొట్టి తాగాలి, ఇంట్లో కొట్టి సీసాలో పోసి మధ్యాహ్నం దాకా దాస్తే పాడవుతాయి. ఒకేసారి మూడు బొండాలు తాగిస్తే కడుపు జారుడు కూడా కావచ్చు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే వాళ్ళు డాక్టర్‌ని అడగకుండా కొబ్బరి నీళ్ళు తాగకూడదన్నది మీ ప్రాంతంవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఓఆర్‌ఎస్ అసలు విరేచనాల కోసం తయారైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. బాగా ఎండలో చెమటోడిస్తే తాగొచ్చు, కానీ శక్తి కోసం అయితే అందులో చక్కెర తక్కువ. ఇంకో సంగతి, మందుల షాపుల్లో రంగురంగుల డబ్బాల్లో తియ్యటి పళ్ళ రసాల్ని ఓఆర్‌ఎస్ పేరుతో ఏళ్ళ తరబడి అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద చాలా ఏళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. కొంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొని, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్ళలోనే కలపండి.

గ్లూకోజ్ పొడి చేతిలో పోసుకుని నాకడం పోటీల దగ్గర నేను ఎప్పుడూ చూస్తుంటాను. పిల్లలకి ఇష్టమే, కానీ అంత చిక్కటి చక్కెర కడుపులో పడితే అది నీళ్ళని లోపలికి లాక్కుంటుంది, వికారం, కడుపునొప్పి వస్తాయి. దాని బదులు ఇంట్లోనే చేసుకోండి: లీటరు నీళ్ళలో 60 గ్రాముల పంచదార, అంటే సుమారు ఐదు పెద్ద చెంచాలు, పావు చిన్న చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. నాలుక మీద తేలిగ్గా తియ్యగా ఉండాలి, షర్బత్‌లా ఉండకూడదు. చల్లగా ఉంచి, పావుగంటకో ఇరవై నిమిషాలకో రెండు మూడు గుక్కలు తాగించండి. గటగటా సీసా ఖాళీ చేయిస్తే అంతా కడుపులో కదులుతూ ఉంటుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టే. ముదురు రంగులో ఉంటే చాలట్లేదని.

సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాసుతో పొట్ట ఉబ్బుతుంది. పూల్ బయట బండి మీద ఐసు వేసిన చెరుకు రసం కూడా ఆ రోజు వద్దు, ఆ ఐసు ఏ నీళ్ళదో మనకి తెలీదు.

ప్రశ్న: మా బాబు పన్నెండేళ్ళవాడు. ప్రాక్టీసులో అందరికన్నా ముందుంటాడు. పోటీ అంటే చాలు, పొద్దున తాగిన పాలు వాంతి చేసుకుంటాడు. తర్వాత ఏం పెట్టినా వద్దంటాడు. నేను వెనకాల పడి తినిపిస్తుంటే ఏడుస్తాడు. నాకూ ఏడుపొస్తోంది.
– ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ బాబులో లోపమేమీ లేదు, మీలో అంతకన్నా లేదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు శరీరం అరుగుదల పనిని పక్కన పెట్టేస్తుంది, కడుపులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. అందులోనూ పాలలో కొవ్వు ఉంటుంది, కొందరు పిల్లలకి పాలు మామూలు రోజుల్లో కూడా సరిగ్గా అరగవు. కాబట్టి పోటీ రోజు పాలు, పాలలో కలిపే పొడులు మానేయండి. గట్టి తిండి కూడా బలవంతం చేయకండి.

తాగే తిండి ఇవ్వండి. మన చోడి (రాగి) జావ ఉందిగా, దాన్ని పల్చగా కాచి, కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చగా ఒక గ్లాసు. చోడి పిండిలో పీచు ఎక్కువ కాబట్టి చిక్కటి అంబలిలా కాకుండా వడకట్టి పల్చగా ఇవ్వాలి. అదీ వద్దంటే అన్నం గంజిలో ఉప్పేసి ఇవ్వండి, మన తాతలు పొలానికి పోయే ముందు తాగినదే, కడుపులో చాలా తేలిగ్గా ఉంటుంది. గ్లాసు మొత్తం ఒకేసారి కాదు, అరగంటలో కొంచెం కొంచెంగా. కానీ పోటీ రోజు మొదటిసారి ఇవ్వొద్దు, ఏ కొత్త తిండీ ఆ రోజు మొదలుపెట్టకూడదు. రెండు వారాల ముందు నుంచే పొద్దున ప్రాక్టీసుకి వెళ్ళేముందు అదే జావ, అంతే మోతాదులో, అదే టైముకి ఇస్తూ రండి. పోటీ రోజు కూడా అదే గ్లాసు చేతికొస్తే వాడికి అది ఇంకో ప్రాక్టీసు రోజులానే అనిపిస్తుంది, సగం భయం అక్కడే పోతుంది.

ఒకవేళ వాంతి అయినా కంగారు పడొద్దు. నోరు పుక్కిలించి, ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోనిచ్చి, తర్వాత తియ్యటి నిమ్మరసం చిన్న గుక్కలుగా ఇవ్వండి. అది నిలిస్తే సగం అరటిపండు. వెనకాల పడి తినిపించడం మాత్రం ఆపండమ్మా, సంచి వాడి పక్కన పెట్టి మీరు వెళ్ళి గ్యాలరీలో కూర్చోండి. పోటీ లేని రోజుల్లో కూడా వాంతులవుతున్నా, కళ్ళు తిరిగి పడుతున్నా అప్పుడు డాక్టర్‌కి చూపించాలి, అది టెన్షన్ అని వదిలేయకూడదు.

ప్రశ్న: పోటీ మంగళవారం పడింది. పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నామని మా అత్తగారు ఆ రోజు గుడ్డు ముట్టుకోనివ్వరు. బయల్దేరేముందు పెరుగూ పంచదారా తినిపిస్తారు. పర్వాలేదా?
– ఒక కోడలు, విజయనగరం

జవాబు: నిశ్చింతగా ఉండండి. పోటీకి ముందు గుడ్డు వల్ల వచ్చే లాభం ఏమీ లేదు, గుడ్డుతో పని రేసులన్నీ అయ్యాక, కండరాలు కోలుకోవడానికి. ఆ రోజు దాని బదులు రాత్రికి పప్పు, పెరుగు పెట్టండి. చెంచా పెరుగూ పంచదారతో కడుపుకి ఏమీ కాదు, నాయనమ్మ చేతి మీదుగా తిన్నానన్న ధైర్యం పిల్లకి మంచిదే. కానీ పూర్తిగా ఉపవాసం మాత్రం వద్దు, ఆ మొక్కు పెద్దవాళ్ళు తీర్చుకోవచ్చు.

ప్రశ్న: మైఖేల్ ఫెల్ప్స్ రోజుకి 12 వేల క్యాలరీలు తినేవాడట కదా. మావాడు అది చూపించి పొద్దున ఆరు గుడ్లు, నాలుగు దోశలు అడుగుతున్నాడు.
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆయన ఎనిమిది స్వర్ణాలు గెలిచినప్పుడు ఈ మాట ప్రపంచమంతా పాకింది, అంత తినలేదని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా ఆయన రోజూ గంటల తరబడి ఈదే పెద్ద మనిషి, మీవాడు ఎదిగే పిల్లాడు. ప్రాక్టీసు ఎక్కువ ఉన్న రోజుల్లో ఆకలి వేసినంతా తిననివ్వండి, దోశలు లెక్కపెట్టకండి. పోటీ పొద్దున మాత్రం రెండు దోశలు, నూనె తక్కువగా, రేసుకి మూడు గంటల ముందు.

ప్రశ్న: పొద్దున హీట్స్, సాయంత్రం ఫైనల్స్. మధ్యలో మధ్యాహ్నం భోజనం ఎలా? అన్నీ అయ్యాక ఏం పెట్టాలి? ఒళ్ళు నొప్పులంటే మాత్ర ఇవ్వొచ్చా?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: హీట్స్ అయిన గంట లోపే భోజనం పెట్టేయండి, ఫైనల్‌కి కనీసం మూడు గంటల ముందు అది పూర్తవ్వాలి. అన్నం, పప్పు, పెరుగు, తినే అలవాటుంటే ఒక ఉడికించిన గుడ్డు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళలేరు కదా, హోటల్‌కే వెళ్ళాలి, అక్కడ ప్లేట్ మీల్స్ తీసుకుని వేపుళ్ళూ ఊరగాయా పక్కన పెట్టించండి. తిన్నాక వీలైతే గంటసేపు ఫ్యాను కింద పడుకోబెట్టండి, ఫోను చేతికివ్వకండి. ఫైనల్‌కి గంటన్నర ముందు ఒక అరటిపండు.

ఆఖరి రేసు అయ్యాక ముందు నీళ్ళు, ఆ తర్వాత కాస్త పిండిపదార్థం, కాస్త మాంసకృత్తులు. పాలు పడే పిల్లలకి ఒక గ్లాసు పాలు, అరటిపండు చాలు, రాత్రి భోజనం దాకా సరిపోతుంది. బిర్యానీ అడుగుతారు, ఆ రోజుకి ఇక రేసుల్లేవు కాబట్టి ఇప్పించండి, మర్నాడు మళ్ళీ హీట్స్ ఉంటే మాత్రం ఆఖరి రోజు దాకా ఆగమనండి.

నొప్పుల మాత్రలు మీ అంతట మీరు ఇవ్వకండి. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కిడ్నీల మీద భారం పడుతుంది, పిల్లలకైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోరువెచ్చని నీళ్ళ స్నానం, కడుపు నిండా భోజనం, తొమ్మిదింటికల్లా పడక. నొప్పి రెండు రోజుల తర్వాత కూడా తగ్గకపోతే, ముఖ్యంగా భుజంలో ఒకేచోట ఉంటే, కోచ్‌కి చెప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.